గ్లాసు మీద రొట్టె పెచ్చు

సెర్రాబ్రూనా,
10 అక్టోబరు 1971

అమ్మాయీ క్లేలియా,

నీ ఉత్తరం చేరింది. అందులో రెండు సంగతులు అడిగావు. మొదటిదానికి నా జవాబు నీకు పనికొస్తుంది. రెండోదానికి నా జవాబు నీకు కోపం తెప్పిస్తుంది. కోపంలో మనుషులు సరిగ్గా చదవరు కాబట్టి పనికొచ్చేది ముందు రాస్తున్నాను.

మీ జెనోవా హోటల్లో వైను పెత్తనం నీ చేతికిచ్చారన్నావు. ఆడపిల్ల చేతికి! సముద్రపు గాలికి మగవాళ్ళ బుర్రలు కూడా కాస్త శుభ్రపడతాయన్నమాట. వచ్చినవాళ్ళకి మన కొండల బరోలో వైను గురించి ఏం చెప్పాలని అడిగావు. తక్కువ చెప్పు. వాగుతూ తాగేవాడికి చవక వైను బర్బేరా చాలు.

గ్లాసులో పోసినప్పుడు అది వెలిసిన ఇటుక రంగులో ఉంటుంది. అవతల పెట్టిన నీ వేలు ఇవతలికి కనబడుతుంది. తెలియనివాడు నీళ్ళు కలిపారనుకుంటాడు. గుక్క మింగాక తెలుస్తుంది వాడికి. పచ్చి అక్రోటు తొక్క నమిలినట్టు చిగుళ్ళు బిగుసుకుపోతాయి. ఆ వగరే దాని వెన్నెముక. కుర్ర బరోలో కొత్తకోడలి మీద అధికారం చూపించే అత్తగారిలా ఉంటుంది, దాని ముందు ఎవరూ సుఖంగా కూర్చోలేరు. చీకట్లో ఏళ్ళ తరబడి పడుకోబెడితే మెత్తబడుతుంది. అప్పుడు వాడిన గులాబీల వాసనా, కొత్తగా వేసిన తారు వాసనా రెండూ కలిసి వస్తాయి. ఆ రెండూ ఎలా కుదురుతాయని అడక్కు. మీ తాతా నేనూ యాభై ఏళ్ళు కుదిరాం కదా.

వగరుకి కొవ్వు కావాలి. అదే వైనులో ముందురోజు నుంచి నానబెట్టి, పొయ్యి మూల పొద్దంతా మగ్గించిన ఎద్దు మాంసం దానికి అసలు జోడీ. అడవి కుందేలు కూర బాగుంటుంది. పచ్చసొన వేసి పిసికిన సన్న సేమ్యా మీద వెన్న, నేల లోపల పెరిగే పుట్టగొడుగు తురుము వేస్తే ఇంకా బాగుంటుంది. కత్తికి లొంగని ముసలి చీజు ముక్కతో భోజనం ముగించవచ్చు. సీసా మధ్యాహ్నమే తెరిచి గాలి తగలనివ్వు. చల్లబెట్టకు, చల్లబడితే వగరు చేదవుతుంది. చేప మాత్రం దాని దరిదాపులకి రానివ్వకు. చేప తిని బరోలో తాగితే తుప్పుపట్టిన తాళంచెవి నాకినట్టుంటుంది. ఈ తప్పు కారణంగానే మీ తాత ఒకసారి అన్నం ముందు నుంచి లేచిపోయాడు. తప్పు చేసింది ఎవరన్నది వదిలెయ్.

ఇక రెండోది. మీ తాత సమాధి రాయి సిద్ధమవుతోంది. చెక్కే అతను మొన్న టోపీ చేతుల్లో నలుపుతూ వచ్చాడు. "పెద్దయ్యగారి పేరు కింద చిన్నయ్యగారి పేరు కూడా చెక్కమని జెనోవా అమ్మాయిగారు కబురు పెట్టారు" అన్నాడు. నన్ను అడక్కుండా!

చెక్కడానికి వీల్లేదు. మీ నాన్న యుద్ధంలో సైన్యంతో రష్యా మంచులోకి వెళ్ళాడు. నలభై మూడు జనవరి తరవాత కార్డు రాలేదు. ఆఖరి కార్డులో "పీపాలో వైను గడ్డకట్టిపోయిందమ్మా, గొడ్డలితో కొట్టి ముక్కలు పంచుకుంటున్నాం" అని నవ్వుతూ రాశాడు. ప్రభుత్వం పంపిన కాగితంలో "ఆచూకీ లేదు" అని ఉంది. చనిపోయాడని లేదు. ఆల్బా బడిలో ముప్ఫై ఏళ్ళు లాటిన్ వ్యాకరణం చెప్పినదాన్ని, కాలాల తేడా నాకు తెలుసు. "లేదు" అన్నది ఇంకా నడుస్తున్న మాట. నువ్వు నా కొడుకుని భూతకాలంలో చెక్కమంటున్నావు.

రాతి మీద ఒకసారి చెక్కాక దిద్దడానికి ఎర్రసిరా పనికిరాదు.

ఒంటి మీద ఉన్ని వేసుకో. 
మీ నానమ్మ ఎర్మెలిందా

తా.క. పోస్టాఫీసుకి ఫోను చెయ్యకు. పక్కింటి పీనోతా అక్కడే నిలబడి నాకంటే ముందు నా సంగతులు వింటుంది.


జెనోవా,
20 అక్టోబరు 1971

నానమ్మా,

వైను గురించి నువ్వు రాసినదాన్ని మా వంటవాడికి చదివి వినిపించాను. తాళంచెవి దగ్గర పగలబడి నవ్వాడు. ఆ తరవాత "మీ నానమ్మ ఇక్కడికొస్తే మనం హోటలు మూసుకోవాలి, జెనోవాలో చేప తప్ప ఏముంది" అన్నాడు.

రెండోదానికి నిజంగానే కోపం వచ్చింది.

నాకు తెలుసు నానమ్మా, అసలు కారణం ఇది కాదు. వచ్చే మేలో ఊగోతో నా పెళ్ళి. అతను ఓడరేవువాడు, ద్రాక్షతోటలో పుట్టలేదు, అందుకని నీకు ఇష్టం లేదు. ఆ మాట నా మొహాన అనలేక రాయి దగ్గర గీత గీశావు. మన కొండల్లో పెళ్ళికూతురు చర్చికి వెళ్ళేముందు ఇంటి సమాధి దగ్గర పువ్వులు పెట్టి వెళుతుంది. అమ్మకి పెడతాను, తాతయ్యకి పెడతాను. నాన్నకి ఎక్కడ పెట్టను? పోస్టుడబ్బా ముందా?

నేను ఆయన్ని చూడలేదు. ఆయన రైలెక్కాక పుట్టాను. ఉన్నది ఒక్క ఫోటో, అందులో సైనికుల ఈకటోపీ నీడ మొహం మీద పడి గడ్డం మాత్రం కనిపిస్తుంది. నీకు ఎదురుచూడటానికి ఒక కొడుకున్నాడు. నాకు వేలితో తడిమి చూసుకోవడానికి కనీసం ఒక పేరు కావాలి. అంతే అడిగాను.

పితృదేవతల రోజు దగ్గరకొస్తోంది. తాతయ్య వెళ్ళాక ఇది మొదటిసారి. ముందు సాయంత్రం పోయినవాళ్ళకి బల్ల సర్దుతావు కదా? ఏం పెడతావు? తాతయ్యకి చెస్ట్‌నట్లు ఇష్టం ఉండేది కాదు, గుర్తుందా?

నీ మొండిదానివి,
క్లేలియా


జెనోవా,
2 నవంబరు 1971

నానమ్మా,

నువ్వింకా జవాబు రాయలేదు. అలిగావేమో. నేను మాత్రం అలక పక్కన పెట్టి నిన్న జరిగిన ఒక తమాషా రాస్తున్నాను, నీకు నవ్వొస్తుంది.

నిన్న పునీతుల పండగ కదా, రాత్రి పొద్దుపోయేదాకా హోటలు కిటకిటలాడింది. ఆ సందట్లో ఒక పెద్దమనిషి ఒక్కరే వచ్చి వంటింటి తలుపు పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. ఆ బల్ల ఎవరికీ ఇవ్వం, పొగ కొడుతుంది. ఆయన అదే కావాలన్నట్టు పొయ్యి వైపు వీపు పెట్టుకున్నారు. ఏం కావాలంటే ఏమన్నారో తెలుసా? ఉప్పు చేపలు, నెత్తళ్ళు! అదీ మన కొండల పద్ధతిలో, వెల్లుల్లీ పార్స్లీ నూరి నూనెలో కలిపిన పచ్చడిలో వేసి ఇమ్మన్నారు. మాకు అలాంటి వంటకం లేదు. వింత చూడు, మా వంటవాడు అదే పూట తనకోసం కాస్త చేసి పెట్టుకున్నాడట.

"ఏ వైను ఇమ్మంటారు?" అన్నాను.

"బరోలో" అన్నారు.

నేను ఊరుకోలేదు. నీ తాళంచెవి పాఠం పూర్తిగా అప్పజెప్పాను. ఆయన చిన్నగా నవ్వి, "మా ఇంట్లోనూ ఇదే గొడవ. గ్లాసులో పొయ్యి, పిల్లా" అన్నారు. అచ్చం మన కొండల మాట నానమ్మా, అదీ ఇప్పటిది కాదు. తాతయ్య తప్ప ఎవరూ అనని మాటలు అందులో ఉన్నాయి.

పోశాను. ఆ సీసా నేనే మధ్యాహ్నం తెరిచి పొయ్యి దగ్గర పెట్టాను. కాని గ్లాసు పట్టుకుంటే వేళ్ళు కొరికేసినంత చల్లగా ఉంది. ఎవరు ఐసుపెట్టెలో పెట్టారని వంటింట్లో అందరినీ తిట్టాను. ఒక్కరూ ఒప్పుకోలేదు.

ఆయన కొంచెం తాగుతారు, రొట్టె పైపెచ్చు విరిచి మూతలా గ్లాసు మీద పెడతారు. మళ్ళీ తీసి తాగుతారు, మళ్ళీ పెడతారు. నవంబరులో ఈగలెక్కడివి?

పళ్ళెం తియ్యడానికి వెళితే "నువ్వు ఎవరమ్మాయివి?" అన్నారు. మన ఊళ్ళో ముసలివాళ్ళు అడిగినట్టే. "సెర్రాబ్రూనాలో ఎర్మెలిందా టీచరమ్మ మనవరాలిని" అన్నాను. నా మొహం వంక చాలాసేపు చూశారు. "అయితే సరే. అంతా సరిగ్గానే ఉంది" అన్నారు. ఏం సరిగ్గా ఉందో!

నేను ఇంకో బల్లకి వెళ్ళి వచ్చేసరికి లేరు. గ్లాసు సగం ఉంది, మీద పెచ్చు అలాగే ఉంది, ఇప్పుడే వస్తానన్నట్టు. కుర్చీ కింద నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. ఇక్కడ వాన పడి చాలా రోజులైంది.

చూశావా, నీ శాస్త్రం ఒప్పుకోని మనుషులు కూడా ఉన్నారు. జవాబు రాయి.

క్లేలియా


సెర్రాబ్రూనా,
3 నవంబరు 1971

క్లేలియా,

ఈ ఉత్తరం తీరిగ్గా చదువు, నేను తీరిగ్గానే రాస్తున్నాను.

ఒకటో తారీకు పండగ సాయంత్రం బల్ల సర్దాను. దయ్యాలూ భూతాలూ నేను నమ్మనని నీకు తెలుసు. సర్దకపోతే పీనోతా ఊరంతా చాటుతుంది కాబట్టి సర్దాను. ఉతికిన బల్లగుడ్డ పరిచాను. మీ తాత కుర్చీ ముందు ఆయన పళ్ళెం పెట్టాను, పొద్దంతా మగ్గించిన ఎద్దు మాంసం పెట్టాను, ఆయన చేతులతో చేసిన యాభై ఎనిమిదో ఏటి బరోలో గ్లాసు నిండా పోశాను. తలుపు గడియ తీసి ఉంచాను. ఆ సాయంత్రం పోయినవాళ్ళ పేరు ఎత్తకూడదు కాబట్టి మా అత్తగారు నేర్పిన మాటే అన్నాను: "ఇంటి యజమానీ, ఇల్లు నీది, బల్ల నీది. వచ్చి కూర్చో." ఇన్నేళ్ళూ ఆ మాట మామగారికి చెప్పేదాన్ని, ఈసారి నా మొగుడికి చెప్పాను. చెప్పి పడుకున్నాను.

పొద్దున లేచి చూస్తే మాంసం ముట్టలేదు. పైన కొవ్వు తెల్లగా పేరుకుని ఉంది. యాభై ఏళ్ళు ఆ కూర కోసం నన్ను పొగిడిన మనిషి ముట్టలేదు. కాని అలమారలో నేను నాకోసం మూతపెట్టి దాచుకున్న నెత్తళ్ళ పచ్చడి గిన్నె బల్ల మీదికి వచ్చి ఉంది. సగం ఖాళీ. వైను సగానికి దిగింది, మిగిలింది మంచులా ఉంది. సరే, పొయ్యి ఆరిపోయింది కదా. గ్లాసు మీద రొట్టె పెచ్చు మూతపెట్టి ఉంది.

పీనోతా పిల్లి చేసిందని అనుకుందామని చూశాను. పిల్లి అలమార తీయగలదేమో. రొట్టె విరిచి గ్లాసుకి మూతపెట్టే పిల్లి ఆల్బా సంతలో కూడా దొరకదు.

గ్లాసు మీద పెచ్చు పెట్టే అలవాటు మీ నాన్నది. బరోలోతో నెత్తళ్ళు తినేదీ వాడే. మీ తాత అన్నం ముందు నుంచి లేచిపోయింది వాడి మీద కోపంతోనే. "నా చెమట నీళ్ళలో చేపలు ఈదిస్తున్నావురా" అని అరిచేవాడు. ఈ సంగతి నీకు నేనెప్పుడూ చెప్పలేదు. కాబట్టి మీ తాతే చెప్పి ఉంటాడు. వంటింటి రెండో తాళంచెవి పీనోతా దగ్గర ఉంటుంది. నీకు రాయి కావాలి. వీటిని కలిపి చదివితే వచ్చే అర్థం ఏమిటో బడిలో ఆఖరి బల్ల పిల్ల కూడా చెప్పగలదు.

నా కొడుకు చచ్చినవాళ్ళ బల్ల దగ్గర కూర్చున్నట్టు నాటకం ఆడించి నన్ను ఒప్పిద్దామనుకున్నావు. నిన్ను ఈ చేతులతో పెంచాను. ఇలాంటి పనికి తగ్గట్టు పెంచలేదు.

నీ పెళ్ళికొడుకు మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. పాపం, అతని మీదే జాలిపడుతున్నాను.

ఎర్మెలిందా


సెర్రాబ్రూనా,
6 నవంబరు 1971

నా తల్లీ, నా బంగారూ,

నా పాత ఉత్తరం చించి పారెయ్. చదవకపోతే చదవకుండానే చించెయ్. నీ రెండో తారీకు ఉత్తరం ఇవాళ చేతికొచ్చింది. నుంచునే చదివాను. చదువుతూ చదువుతూ కూర్చుండిపోయాను. పీనోతా వచ్చి "పోయారా ఏమిటి టీచరమ్మా" అని తట్టింది. అది ఆశపడినట్టే ఉంది.

బతికున్నాడు క్లేలియా. నీకు అర్థమైందా? అది మీ నాన్న. నెత్తళ్ళు, బరోలో, గ్లాసు మీద పెచ్చు, ఆ మాట తీరు, "మా ఇంట్లోనూ ఇదే గొడవ" అనడం! పొయ్యికి వీపు పెట్టి కూర్చోవడం కూడా! చిన్నప్పుడు వాడిని అక్కడి నుంచి కదపలేకపోయేదాన్ని. అన్నేళ్ళు ఆ చలిదేశంలో ఉన్నవాడికి పొయ్యి దగ్గర చోటు కావాలి కదా. ఖైదు చేసినవాళ్ళని గని పనుల్లో పెట్టుకున్నారట, పేర్లు మార్చారట, కొందరు అక్కడే పెళ్ళిళ్ళు చేసుకున్నారట, ఎన్ని కథలు వినలేదు మనం! వచ్చే నెల వాడికి యాభై ఒకటి నిండుతాయి. జుట్టు నెరిసిందా? మా వాళ్ళందరిదీ చెవుల దగ్గర ముందు నెరుస్తుంది. చూశావా? కుంటుతున్నాడా? ఎందుకు రాయలేదు ఇవన్నీ? వైను చల్లదనం గురించి అంత రాసి మనిషి గురించి ఒక్క ముక్క రాయలేదు.

ముందు ఇంటికే వచ్చి ఉంటాడు. తలుపు గడియ తీసే ఉంది. పాడుబడ్డ ముసలిదాన్ని, మొద్దునిద్రపోయాను. లేపడానికి భయపడి తినేసి వెళ్ళిపోయి ఉంటాడు. తండ్రి లేడని ఎవరో చెప్పి ఉంటారు. ఆ తరవాత నిన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

రేవులో వాకబు చెయ్యి. సత్రాల్లో అడుగు. ఊగోకి ఓడలవాళ్ళు తెలుసన్నావు కదా, ఇప్పటికి ఆ అబ్బాయి వల్ల నాకొక ఉపకారం జరగాలి. నేను బట్టలు సర్దుకుంటున్నాను. జవాబు చూసుకుని బయల్దేరతాను. నెత్తళ్ళు ఉప్పు కడిగి ఆరబెట్టాను. ఇంక మీ తాత అరవడు కదా, ఎంత కావాలంటే అంత తిననీ.

రాయి చెక్కే అతన్ని పిలిచి, చిన్నయ్యగారి పేరు ఎత్తితే సుత్తి లాక్కుంటానని చెప్పాను.

తొందరలో రాశాను, దస్తూరీ చూసి నవ్వకు.

నానమ్మ


జెనోవా,
10 నవంబరు 1971

నానమ్మా,

కూర్చుని చదువు. ఎవరూ లేనప్పుడు చదువు.

నీ మూడో తారీకు ఉత్తరం చదివి ఏడ్చాను. నేను ఏ నాటకమూ ఆడించలేదు. నాన్న అలవాట్లు తాతయ్య నాకెప్పుడూ చెప్పలేదు, నాన్న పేరు ఎత్తితే తోటలోకి వెళ్ళిపోయేవారు. ఆ తరవాత నీ ఆరో తారీకు ఉత్తరం వచ్చింది. దాన్ని చదివి ఏడవలేకపోయాను.

తప్పు నాదే. "పెద్దమనిషి" అని రాశాను. హోటల్లో ఎవరొచ్చినా పెద్దమనిషే అంటాం నానమ్మా, బుగ్గ మీద పాలు ఆరనివాడు వచ్చినా అంతే. "ఆయన", "వచ్చారు", "కూర్చున్నారు" అని నోరు అలవాటు పడిపోయింది. ఉత్తరంలోనూ అలాగే పడింది. వయసు రాయాలని తోచలేదు.

అతనికి పాతికేళ్ళు కూడా ఉండవు. ఇరవై రెండో, ఇరవై మూడో. మీసం ఇంకా సరిగ్గా దిగలేదు. జుట్టు నల్లగా ఉంది, నెరవడానికి వయసేది? నాకంటే చిన్నవాడు నానమ్మా. "నువ్వు ఎవరమ్మాయివి" అని పెద్దరికంగా అడిగితే, మనసులో "ఏం తమ్ముడూ, మరీ అంతా!" అనుకుని నవ్వుకున్నాను.

చేతి వేళ్ళ కొనలు మాత్రం నల్లగా ఉన్నాయి. రేవులో బొగ్గు పని చేసేవాడనుకున్నాను. ఆ నలుపు గ్లాసుకి అంటలేదు, తెల్లటి బల్లగుడ్డకీ అంటలేదు. ఇది ఇప్పుడు రాస్తుంటే గుర్తొస్తోంది.

సత్రాల్లో అడిగాం. ఊగో రెండు రోజులు పని మానేసి తిరిగాడు. అలాంటివాడిని ఎవరూ చూడలేదు. మా వంటవాడు కూడా చూడలేదట. "ఆ బల్ల మీద పళ్ళెం ఎందుకు పెడుతున్నావు, ఎవరూ లేరు కదా అనుకున్నాను. పండగ కదా, మీ కొండల ఆచారమేమో అనుకుని ఊరుకున్నాను" అన్నాడు.

నాన్న ఫోటో పెట్టె అడుగున ఉంది. నేనింతవరకు తియ్యలేదు. నువ్వు తియ్యమంటే తీస్తాను.

బయల్దేరకు. నేనే వస్తాను.

క్లేలియా


సెర్రాబ్రూనా,
19 నవంబరు 1971

అమ్మాయీ క్లేలియా,

ఫోటో తియ్యకు. అవసరం లేదు.

సర్దిన బట్టలు మళ్ళీ అలమారలో పెట్టాను. కడిగిన నెత్తళ్ళు మళ్ళీ ఉప్పులో వేశాను. రెండు రోజులు పీనోతాతో కూడా దెబ్బలాడలేదు. అది భయపడి సూపు చేసి తెచ్చింది. సూపు బాగాలేదు. ఆ మాట చెప్పాక దాని మనసు కుదుటపడింది.

ఆలోచించాను. ఎక్కడ తప్పుచేశానో తెలిసింది. ఇంతకాలం ఇతరుల వాక్యాల్లో తప్పులు పట్టి, నా వాక్యంలో తప్పు నేను చూసుకోలేదు.

"ఇంటి యజమానీ" అని పిలిచాను. మీ తాతని అనుకుని పిలిచాను. యజమాని అన్నది పేరు కాదమ్మా, కుర్చీ. మామగారు పోయాక అది మీ తాతకి వచ్చింది. మార్చిలో మీ తాతని మట్టిలో పెట్టిన సాయంత్రమే అది ఆయన కొడుక్కి వెళ్ళిపోయింది. నేను గడియ తీసి, దీపం తగ్గించి, ఈ ఇంటి యజమానిని రమ్మన్నాను. యజమాని వచ్చాడు. పాపం మీ తాత పేరే ఆ పిలుపులో లేదు, ఆ కూర ఎవరు ముట్టుకుంటారు?

ఆ పిలుపు బతికున్నవాళ్ళకి వినపడదు. వాడు రష్యాలో ఏ గనిలోనో, ఏ పిల్లల మధ్యనో బతికి ఉంటే, నేనెంత అరిచినా రొట్టె విరిగేది కాదు. ఇన్నేళ్ళూ వాడి పేరుతో బల్ల సర్దకపోవడం వాడిని బతికించుకోవడమే అనుకున్నాను. వాడిని వేళ్ళ కొనలు నల్లబడే చలిలో నిలబెట్టాను. గడియ తీసే ఉంటుంది, కాని పిలవనిదే లోపలికి రాకూడదు కదా, మర్యాద తెలిసిన పిల్లవాడు. పొరపాటున పిలిస్తే వచ్చాడు. తిన్నాడు. యజమాని కాబట్టి ఇంట్లోవాళ్ళు ఎవరెక్కడున్నారో చూసుకోవడానికి నీ దగ్గరికి వచ్చాడు. నిన్ను చూసి "అంతా సరిగ్గానే ఉంది" అన్నాడు. ఆ మాట కోసం ఆ చలిలోంచి ఎంత దూరం నడిచాడో.

రాయి చెక్కే అతన్ని పిలిపించాను. "సుత్తి లాక్కుంటారా అమ్మగారూ" అన్నాడు. లాక్కోనన్నాను. చెలెస్తీనో అని చెక్కమన్నాను. పుట్టిన ఏడు, పోయిన ఏడు. భూతకాలంలోనే.

పెళ్ళికి మీ నాన్న రాయి దగ్గర పువ్వులు పెట్టు. నీ కూడా వచ్చే ఓడరేవు అబ్బాయి కోసం యాభై ఎనిమిదో ఏటి సీసాలు పక్కన పెట్టాను. చేప కావాలని అడిగితే పెడతాను. మన ఇంట్లో ఆ తప్పుకి ఇదివరకే చోటుంది.

మీ నానమ్మ


సెర్రాబ్రూనా,
3 నవంబరు 1972

అమ్మాయీ క్లేలియా,

నీకిప్పుడు ఐదో నెల కాబట్టి వైను ముట్టుకోకు, వాసన చూసి వడ్డించు. ముక్కు చాలు నీకు, అది మీ తాతది.

రాయి ఎలా ఉందని అడిగావు. బాగుంది. పీనోతా మాత్రం అది నాసిరకం అంటోంది. మిగతా రాయంతా ఎండలో పొడిగా ఉన్నా, కింద పేరులోని అక్షరాలు తడిగా ఉంటాయట. నేను చూశాను. ఆగస్టులో కూడా అలాగే ఉన్నాయి. వేలు పెడితే జివ్వుమంటుంది. నాసిరకమే అని ఒప్పుకుని వచ్చేశాను. కొన్ని సంగతుల్లో పీనోతాని గెలవనివ్వాలి.

ఈ ఏడు బల్ల ఎలా సర్దానో నీకు చెప్పాలి. ఆచారం పక్కన పెట్టాను. యజమాని గియజమాని అనలేదు. బడిలో హాజరు పిలిచినట్టు పేర్లు పెట్టి పిలిచాను. గాస్పరే, చెలెస్తీనో. మీ తాత ముందు ఎద్దు మాంసం, మీ నాన్న ముందు నెత్తళ్ళు. ఇద్దరికీ ఒకే సీసాలోంచి పోశాను. పొయ్యిలో మొద్దు వేసి ఉంచాను, వైను చల్లబడకుండా.

పొద్దున వచ్చి చూశాను. మాంసం పళ్ళెం తుడిచిపెట్టినట్టుంది. నెత్తళ్ళ గిన్నె ఖాళీ. కాని అది మీ నాన్న ముందు లేదు. ఎవరో బల్ల చివరంటా తోసేసినట్టు అవతలి కొసన ఉంది. బల్లగుడ్డ ముడతలు పడి, వైను ఒలికి ఉంది. మీ తాత ఏమీ మారలేదు. మీ నాన్నా మారలేదు. గ్లాసు మీద పెచ్చు ఉంది.

ఒక్క సంగతి ఉంది. గోడ వైపు మూడో కుర్చీ ఉంటుంది చూడు, నేను కూర్చునేది. దాన్ని నేను బల్లకిందికి పూర్తిగా తోసి పడుకున్నాను. పొద్దున అది వెనక్కి లాగి ఉంది, మనిషి కూర్చోవడానికి వీలుగా. దాని ముందు కడిగిన గ్లాసు ఒకటి బోర్లించి ఉంది. నేను పెట్టలేదు.

కాసేపు నిలబడి చూశాను. ఆ తరవాత గ్లాసు తీసి అలమారలో పెట్టాను. "ఈ ముసలి సీసాలో వగరు ఇంకా దిగలేదు, తెరిచే వేళ కాలేదు" అని ఇద్దరికీ వినపడేలా చెప్పి, కుర్చీ లోపలికి తోసేశాను.

పుట్టేవాడికి ఉన్ని మేజోళ్ళు అల్లుతున్నాను. 
మీ నానమ్మ ఎర్మెలిందా